నయాగరా పక్కన ఒక కాలువ, మన పక్కన ఒక వాగు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకులు అడిగినప్పుడు సర్వీసు జ్ఞాపకాలు వ్రాద్దామనుకున్నాను. బదిలీలు, ప్రమోషన్లు, ఆగిపోయిన ఇంక్రిమెంట్లు మనందరివీ ఒకటే కాబట్టి అవి వదిలేశాను. నీళ్ళ పరీక్షల లేబొరేటరీలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసినవాణ్ణి. నీళ్ళ గురించే వ్రాస్తాను. అయితే కథ మొదలయ్యేది మాత్రం అమెరికాలో.

2013లో మా కోడలి పురుడు కోసం నేనూ మా ఆవిడా బఫెలో వెళ్ళాం. బఫెలో వెళ్ళినవాళ్ళు నయాగరా చూడకుండా రారు. మేమూ చూశాం, నీలం రంగు ప్లాస్టిక్ కోట్లు తొడుక్కుని పడవ ఎక్కాం, తడిశాం, ఫోటోలు దిగాం. ఆ జలపాతం గురించి ఇప్పటికే మన పత్రికలో ముగ్గురు వ్రాశారు కనుక నేను వ్రాయను. తిరిగి వస్తుంటే మా అబ్బాయితో, "ఇక్కడికి పది కిలోమీటర్లలో లవ్ కెనాల్ అని ఒక చోటు ఉండాలి, తీసుకెళ్ళు" అన్నాను. వాడు అక్కడ ఏడేళ్ళుగా ఉంటున్నా ఆ పేరు వినలేదు. "ఏముంది నాన్నా అక్కడ?" అని అడిగాడు. ఫోనులో దారి చూసుకుంటూ తీసుకెళ్ళాడు.

చూడటానికి ఏమీ లేదు. ముళ్ళకంచె లాంటి పెద్ద ఇనుప ఫెన్సింగ్, లోపల పచ్చగడ్డి మైదానం, గడ్డిలోంచి అక్కడక్కడా తల బయటపెట్టిన గొట్టాలు. కంచెకు ఇవతల కొన్ని వీధులకు తారురోడ్డు ఉంది, దీపస్తంభాలు ఉన్నాయి, ఇళ్ళు లేవు. మా ఆవిడ కారు దిగలేదు. కోడలు నిండు నెలలతో వెనక సీట్లో కూర్చుని ఉండగా ఇక్కడికెందుకు తీసుకొచ్చారని ఆమె కోపం. ఆ కోపం న్యాయమైనదేనని తరువాత కథ చదివితే మీకే తెలుస్తుంది.

ఆ పేరులో ప్రేమ ఏమీ లేదు. విలియం లవ్ అనే వ్యాపారి ఇంటిపేరు అది. 1890లలో ఆయన నయాగరా నదికి పక్కగా ఒక కాలువ తవ్వి, ఆ నీటి ఉరవడితో కరెంటు తీసి, చుట్టూ ఒక ఆదర్శ నగరం కట్టాలని సంకల్పించాడు. 1893 ఆర్థిక సంక్షోభంలో డబ్బు పెట్టేవాళ్ళు వెనక్కి తగ్గారు. ఈలోగా కరెంటును తీగల మీద దూరాలకు పంపే పద్ధతి వచ్చేసింది. ఫ్యాక్టరీ జలపాతం పక్కనే ఉండాలన్న అవసరం పోయింది, లవ్ గారి పథకమూ పోయింది. మిగిలింది సుమారు కిలోమీటరు పొడవు గొయ్యి. పిల్లలు ఎండాకాలం అందులో ఈదేవారు, చలికాలం గడ్డకట్టిన నీటి మీద జారేవారు.

1942 నుంచి హుకర్ అనే రసాయనాల కంపెనీ ఆ గోతిని తన చెత్తకు వాడుకుంది. 1953 వరకు పదకొండేళ్ళలో సుమారు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలు డ్రమ్ముల్లో నింపి అందులో పూడ్చారు. క్లోరిన్ కలిసిన ద్రావకాలు, పురుగుమందుల తయారీలో మిగిలిన మడ్డి, ట్రైక్లోరోఫినాల్, దానితోపాటే పుట్టే డయాక్సిన్ ఇవన్నీ ఉన్నాయి. పైన బంకమట్టి కప్పారు. న్యాయంగా చెప్పాలంటే, ఆ రోజుల్లో అది చట్టవిరుద్ధం కాదు. బంకమట్టి నేల కాబట్టి కిందికి ఇంకదని నమ్మారు.

1953లో ఆ స్థలాన్ని ఊరి స్కూలు బోర్డుకు కంపెనీ అమ్మింది. ధర ఒక్క డాలరు. దస్తావేజులో మాత్రం ఇక్కడ రసాయన వ్యర్థాలు పూడ్చబడి ఉన్నవని, ఇకపై ఎవరికి ఏ హాని జరిగినా మా బాధ్యత లేదని వ్రాయించుకుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసిన మన సభ్యులు అలాంటి షరతులు ఎన్నో చూసి ఉంటారు. కొన్నవాళ్ళు చదవరు. చదివినా, "అదేం లెండి, ఫార్మాలిటీ" అంటారు. బోర్డు అక్కడ ప్రాథమిక పాఠశాల కట్టింది. పునాదులు తీస్తుంటే డ్రమ్ములు తగిలితే భవనాన్ని కొంచెం పక్కకు జరిపారు. అంతే, 1955లో బడి తెరిచారు. చుట్టూ స్థలాలు అమ్ముడుపోయాయి, ఇళ్ళు లేచాయి, 1950ల చివర్లో మురుగు కాలువల కోసం గొయ్యి గోడలను చీల్చుతూ పైపులు వేశారు. తరువాత దక్షిణాన హైవే వచ్చి, భూమిలోని నీరు నది వైపు పోయే సహజమైన దారిని అడ్డుకుంది.

ఇక్కడ నా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. బంకమట్టిలో తవ్విన గొయ్యి అంటే కుండలాంటిది. మూత సరిగా ఉన్నంతకాలం ఫరవాలేదు. మూత తవ్వేస్తే వాననీరు లోపలికి దిగుతుంది, అడుగున ఇంకదు కాబట్టి నిండుతుంది, నిండినది అంచుల మీదుగా పొర్లుతుంది. 1970ల్లో అక్కడ వరుసగా వానలు, మంచు ఎక్కువగా పడ్డాయి. పొర్లినది పక్క ఇళ్ళలోకి వచ్చింది. వాళ్ళ ఇళ్ళకు కింద నేలమాళిగ ఉంటుంది, అందులో ఒక మూల సంప్ ఉంటుంది. మన సంప్‌లో మంచినీళ్ళు నిలవ చేసుకుంటాం. వాళ్ళ సంప్ ఊటనీటిని పట్టి పంపుతో బయటికి తోసేయటానికి. ఆ పంపుల్లో నల్లటి నూనెలాంటి ద్రవం రావటం మొదలైంది. పెరట్లో చెట్లు మాడిపోయాయి. ఆడుకుని వచ్చిన పిల్లల కాళ్ళు, చేతులు మంట.

ముందుగా పట్టించుకున్నది ఆఫీసులు కాదు, స్థానిక పత్రిక. నయాగరా గెజెట్ విలేఖరులు 1976లో కొన్ని ఇళ్ళ సంప్ నీళ్ళను పరీక్ష చేయించి వ్రాశారు. 1978లో మైకేల్ బ్రౌన్ అనే విలేఖరి వరుసగా వ్రాశాడు. అప్పుడు రాష్ట్ర ఆరోగ్యశాఖ వచ్చి నేలమాళిగల్లో గాలి నమూనాలు తీసింది. 80కి పైగా రసాయనాలు తేలాయి. వాటిలో బెంజీన్ ఒకటి.

లోయిస్ గిబ్స్ అనే గృహిణి ఆ వార్తలు చదివింది. ఆమె కొడుకు అదే బడిలో చదువుతున్నాడు. బడిలో చేరాక వాడికి మూర్ఛలు మొదలయ్యాయి. వేరే బడికి మార్చమని అడిగితే స్కూలు బోర్డు కుదరదంది. ఆమె ఒక అర్జీ వ్రాసుకుని ఇల్లిల్లూ తిరగటం మొదలుపెట్టింది. మొదటి ఇంటి తలుపు తట్టి, ఎవరూ తీయకపోతే భయపడి ఇంటికి తిరిగివచ్చిందట. మళ్ళీ మర్నాడు బయలుదేరింది. ఇల్లిల్లూ తిరిగితే తన కొడుకు కథే అందరి ఇళ్ళలోనూ వినిపించింది.

1978 ఆగస్టు 2న న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య కమిషనర్ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. బడి మూసేయాలి, గొయ్యికి ఆనుకుని ఉన్న ఇళ్ళలో గర్భిణులు, రెండేళ్ళలోపు పిల్లలు వెళ్ళిపోవాలి. మా ఆవిడ కారు ఎందుకు దిగలేదో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. తండ్రి, ఆరేళ్ళ పిల్ల ఉండొచ్చట, తల్లి, చంటిపిల్ల వెళ్ళాలట. జనం తిరగబడ్డారు. ఆగస్టు 7న అధ్యక్షుడు కార్టర్ కేంద్ర సహాయం ప్రకటించాడు. మొదటి రెండు వరుసల్లోని 239 కుటుంబాల ఇళ్ళను ప్రభుత్వం కొనేసింది.

మూడో వరుస నుంచి ఇవతల ఏమీ లేదన్నారు. అసలు తగవు అక్కడే. అధికారులు గొయ్యి నుంచి దూరాన్ని కొలిచి గీత గీశారు. గిబ్స్, ఆమెకు తోడుగా బెవర్లీ పైగెన్ అనే శాస్త్రవేత్త, జబ్బులున్న ఇళ్ళను పటం మీద గుర్తులు పెట్టి చూశారు. గుర్తులు గుండ్రంగా రాలేదు, తీగల్లా వచ్చాయి. పాతకాపులను అడిగితే, ఇళ్ళు కట్టకముందు అక్కడ వాగులు ఉండేవని, వాటిని పూడ్చి చదును చేశారని చెప్పారు. వాగు పూడ్చినా నీరు పాతదారి మర్చిపోదు. మన ఊళ్ళలో చెరువు శిఖంలో కట్టిన కాలనీల్లోకి ప్రతి వానకూ నీళ్ళు వస్తుంటే చూస్తూనే ఉన్నాం కదా! అయితే ఆరోగ్యశాఖవారు మొదట ఇవి ఇంటి ఆడవాళ్ళు వంటింటి బల్ల మీద తయారుచేసిన లెక్కలని కొట్టిపారేశారు. 1979 ఫిబ్రవరికి వచ్చేసరికి వాళ్ళే బయటి వీధుల్లోని గర్భిణులనూ, రెండేళ్ళలోపు పిల్లలనూ వెళ్ళిపొమ్మని సలహా ఇచ్చారు.

1980 మే నెలలో ముప్ఫై ఆరుగురి రక్తం పరీక్ష చేసి పదకొండు మందిలో క్రోమోజోముల మార్పు కనిపించిందన్నారు. ఆ పరీక్షలో పోల్చి చూసేందుకు వేరే జనాన్ని తీసుకోలేదని శాస్త్రజ్ఞులు తప్పుపట్టారు. లేబొరేటరీవాడిగా నేనూ తప్పుపడతాను. బ్లాంక్ పెట్టకుండా టైట్రేషన్ చేసినట్టే అది. కానీ పరీక్ష లోపం జనం భయాన్ని తగ్గించలేదు. మే 19న కేంద్ర పర్యావరణ సంస్థ అధికారులు ఇద్దరిని ఇంటివాళ్ళు కొన్ని గంటలపాటు తమ ఆఫీసు నుంచి కదలనివ్వలేదు. మే 21న కార్టర్ రెండోసారి అత్యవసర పరిస్థితి ప్రకటించాడు, మిగిలిన వందలాది కుటుంబాలకూ వెళ్ళే దారి దొరికింది. అదే ఏడాది డిసెంబరు 11న, చెత్త పోసినవాడే శుభ్రపరిచే ఖర్చు భరించాలనే చట్టం వచ్చింది. సూపర్‌ఫండ్ అంటారు.

ఇక శుభ్రపరచటం. ఆ 21,000 టన్నులు ఏమయ్యాయని మా అబ్బాయి అడిగాడు. ఏమీ కాలేదు, ఆ గడ్డి కిందే ఉన్నాయి. తవ్వితీస్తే విషం గాలిలో కలుస్తుందని, మోసుకెళ్ళి మరో ఊళ్ళో పెట్టినా అదే సమస్య అని అక్కడే బంధించారు. చుట్టూ లోతుగా కందకం తవ్వి చిల్లుల పైపులు వేశారు. పొర్లే నీరు ఆ పైపుల్లోకి వస్తుంది, దాన్ని బొగ్గు వడపోతల గుండా పంపి శుభ్రం చేసి వదులుతారు. పైన బంకమట్టి, దాని మీద ప్లాస్టిక్ పొర, మళ్ళీ మట్టి, గడ్డి. ఇళ్ళు కూల్చారు, బడి కూల్చారు. మురుగు పైపులు కడిగారు, పక్క వాగుల అడుగు మట్టి తీసేశారు. గడ్డిలో కనబడిన గొట్టాలు భూమిలోని నీటి నమూనాలు తీసే బావులు. ఆ పంపులు, ఆ పరీక్షలు ఆపటానికి వీల్లేదు. 1995లో హుకర్‌ను కొన్న ఆక్సిడెంటల్ కంపెనీ కేంద్రానికి 129 మిలియన్ డాలర్లు కట్టటానికి ఒప్పుకుంది. 2004లో ఆ చోటు పేరును ప్రమాద స్థలాల జాబితా నుంచి తీసేశారు. అంటే 1978 నుంచి ఇరవై ఆరేళ్ళు.

ఉత్తరం వైపు ఇళ్ళను బాగుచేసి 1990 నుంచి తక్కువ ధరకు మళ్ళీ అమ్మారు. కొన్నవాళ్ళలో కొందరు తరువాతి కాలంలో మళ్ళీ కోర్టుకెక్కారు. మేము చూస్తుండగా ఒకాయన గడ్డి కోసుకుంటూ మాకు చెయ్యి ఊపాడు.

కారులో తిరిగి వస్తుంటే నాకు గుర్తొచ్చినది అమెరికా కాదు, నక్కవాగు. హైదరాబాదులో పనిచేసిన సభ్యులకు పటాన్‌చెరు తెలియనిది కాదు. వెనుకబడిన మెదక్ జిల్లా బాగుపడాలని 1970ల మధ్య నుంచి అక్కడ పారిశ్రామికవాడ పెంచారు. రాయితీలు ఇచ్చారు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం వరుసగా మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు వచ్చాయి. వ్యర్థజలాలు ఇసుకవాగులోకి, నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి పోయాయి. వాగు ఒడ్డు ఊళ్ళలో బావులు రంగు మారాయి, వరి మాడిపోయింది, పశువులు చచ్చాయి.

1987 ఎండాకాలంలో, భోజనం వేళ, ఒక రైతు మా లేబొరేటరీకి వచ్చాడు. రెండు బస్సులు మారి వచ్చాడు. సంచిలో ఒక దగ్గుమందు సీసా, అందులో బావినీళ్ళు. "సారూ, గీ నీళ్ళు బర్రెలకు తాపియ్యాల్నా వద్దా, గంత చెప్పుండ్రి" అన్నాడు. మా రూలు ప్రకారం శాంపిల్ ఏదైనా ఆఫీసు నుంచి లెటర్‌తో రావాలి, రిపోర్టు ఆ ఆఫీసుకే పోవాలి. మనిషి చేతిలోంచి తీసుకోవటానికి రిజిస్టరులో కాలమే లేదు. నేను సీసా తీసుకుని మర్నాడు రమ్మన్నాను.

సాయంత్రం అందరూ వెళ్ళాక చేశాను. క్లోరైడు చూడటానికి సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేషన్ చేస్తాం. పసుపుపచ్చని ద్రావణం ఇటుక రంగులోకి తిరగ్గానే ఆపాలి. ఆ రోజు బ్యూరెట్ రెండోసారి నింపాల్సి వచ్చింది. పింగాణీ గిన్నెలో నీళ్ళు ఆవిరి చేస్తే అడుగున ఉప్పు పెచ్చు కట్టింది, గోటితో గీకితే ఊడివచ్చేంత. అంకెలు నా సొంత డైరీలో వేసుకున్నాను.

మర్నాడు ఆయన వచ్చాడు. బర్రెలకు కూడా వద్దని చెప్పాను. ఆయన కాసేపు నిలబడి, "గిదే ముచ్చట కాయితం మీద రాసియ్యి సారూ, పంచాయితీల చూపిస్త" అన్నాడు. నేను పై అధికారి గదిలోకి వెళ్ళి అడిగాను. ఆయన తల ఎత్తకుండా, "లెటర్ ఉందా?" అన్నారు. లేదు. నాకు అప్పుడు ఇద్దరు పిల్లలు, ఇంటి లోను. కాగితం ఇవ్వలేదు. రైతు నన్నేమీ అనలేదు. ఖాళీ సీసా కడిగి ఇవ్వమని అడిగి తీసుకుని వెళ్ళిపోయాడు.

తరువాత జరిగింది చాలావరకు మీకు తెలుసు. అక్కడి డాక్టరు అల్లాని కిషన్ రావు గారివంటివారు, గ్రామస్థులు ఉద్యమం నడిపారు. 1990లో సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ పడింది. కోర్టు ఆదేశాల మీద జిల్లా జడ్జి విచారణ, పంట నష్టానికి పరిహారం, ఊళ్ళకు మంచినీళ్ళు అన్నీ విడతలు విడతలుగా వచ్చాయి. కంపెనీలన్నిటి వ్యర్థజలాలకు కలిపి ఉమ్మడి శుద్ధి కేంద్రం కట్టారు. ట్యాంకర్లలో అక్కడికి తెచ్చి పోయాలి. పోయవలసిన ట్యాంకర్లలో కొన్ని రాత్రిపూట వాగు గట్టున తేలేవని ఆ ఊళ్ళవాళ్ళందరూ చెబుతారు.

2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ఆ శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఒక వ్యాసం ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందట. మనలో చాలామంది డాక్టరు చీటీ మీద మింగిన మాత్ర అది. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఆ నీటిలో ఎక్కువగా ఉంది. మందులకు లొంగని సూక్ష్మజీవులు ఎక్కడ పుడతాయని ప్రపంచమంతా వెతుకుతున్న రోజుల్లో ఆ వ్యాసం సంచలనమైంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు–బొల్లారాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో చేర్చింది.

మంజీరను కాపాడటానికి శుద్ధి కేంద్రం నీటిని 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా నగరం మురుగు కాలువలో కలిపి అంబర్‌పేటకు, అంటే మూసీ వైపుకు, మళ్ళించారు. మంజీర రైతుకు కొంత ఊరటే. మూసీ కింద నల్లగొండ రైతు ఏమనాలి? లవ్ కెనాల్‌లో గొయ్యిని కదపకుండా కట్టేశారు, మనం నీటిని ఒక నది నుంచి తీసి ఇంకో నదికి ఇచ్చాం. ఇంజనీరు సభ్యులు నాతో విభేదించవచ్చు, కానీ నాకు ఇది శుభ్రపరచటంలా తోచలేదు. ఇక ఆ 1990 నాటి కేసు హైకోర్టు మీదుగా హరిత ట్రిబ్యునల్‌కు చేరి 2017లో తీర్పు వచ్చింది. అక్కడ ఇరవై ఆరేళ్ళు, ఇక్కడ ఇరవై ఏడు. ఏడాదే తేడా.

రిటైరయ్యాక కాగితాలు సర్దుతుంటే 1987 డైరీ దొరికింది. చాలాకాలం బీరువాలోనే ఉంచాను. 2019 సంక్రాంతి తరువాత ఒకరోజు బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను. రైతు పోయి చాలా ఏళ్ళయిందట. కొడుకు ఫ్యాక్టరీలో హెల్పరుగా చేసి మానేశాడు. మనవడు ఇంట్లో ఉన్నాడు, డిగ్రీ చదివిన కుర్రాడు. కూర్చోబెట్టి క్యాన్ నీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చాడు. బావి చూపించమన్నాను. పైన రేకు కప్పి, రేకు మీద రాళ్ళు పెట్టి ఉన్నాయి. మోటారు తీసేశారు.

డైరీ పేజీ జిరాక్సు తీసి, అంకెలు మళ్ళీ నా చేత్తో వ్రాసి, కింద సంతకం, పూర్వపు హోదా, తేదీ వేసి తీసుకెళ్ళాను. అతని చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివాడు. "ఇప్పుడు దీంతోటి ఏం చేయాలె తాతా?" అన్నాడు. మా తాత పేరు ఇందులో లేదేంటని కూడా అడిగాడు. నిజమే, ఆ రోజు నేను ఆయన పేరు వ్రాసుకోలేదు. ఊరి పేరు, "బావి" అని మాత్రమే ఉంది. అక్కడే కలం తీసి ఆయన పేరు అడిగి వ్రాశాను.

రేకు పక్కకు జరిపి, చేంతాడుకు డబ్బా కట్టి నీళ్ళు తోడాం. రెండు లీటర్ల సీసా కడిగి నింపి ఇంటికి తెచ్చి, మర్నాడు నగరంలో ఒక గుర్తింపు పొందిన ప్రైవేటు లేబొరేటరీలో ఇచ్చాను. కౌంటరులో అమ్మాయి, "రిపోర్టు ఎవరి పేరు మీద ఇవ్వాలి సర్?" అని అడిగింది. కుర్రాడి పేరు చెప్పాను. వారం తరువాత వచ్చిన రిపోర్టులో ఉప్పుల శాతం అప్పటికంటే చాలా తగ్గింది, కానీ తాగేందుకు పెట్టిన హద్దులోకి ఇంకా రాలేదు. దాన్ని రిజిస్టర్ పోస్టులో పంపాను. ముట్టినట్టు మర్నాడే ఫోను చేసి, బర్రెలకు పెట్టొచ్చా అని అడిగాడు. ఇంకో రెండు కాలాల్లో, వానలకు ముందొకసారి, తరువాతొకసారి, పరీక్ష చేయించాకగానీ చెప్పలేనన్నాను. జూన్‌లో రెండో సీసా అతనే తీసుకొచ్చాడు.